ఫోన్ మాటలు రికార్డు చేయడానికి ఏది కొనాలి?

మా పెదనాన్నది తెనాలి దగ్గర ఊరు. ట్రాక్టర్ మీద తీసుకున్న అప్పు తీరిపోయిందని ఆయన అంటారు, ఇంకా 2 వాయిదాలు ఉన్నాయని ఫైనాన్స్ కంపెనీ వాళ్లు అంటారు. ఒకరోజు ఆ కంపెనీ మనిషే ఫోన్ చేసి, "మీ లెక్క సరిపోయిందండీ, నెలాఖరులోగా ఎన్‌ఓసీ పంపిస్తాం" అన్నాడట. పెదనాన్న ముందుజాగ్రత్తగా ఆ మాటలు రికార్డు చేశారు. పక్కనే బల్ల మీద వాయిస్ రికార్డర్ పెట్టుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని 14 నిమిషాలు మాట్లాడారు. నెలాఖరు దాటింది. ఎన్‌ఓసీ, అంటే అప్పు తీరిందని కంపెనీ ఇచ్చే కాగితం, రాలేదు. రికార్డర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

విన్నాను. "ఆ... చెప్పండి... సరే... అంతేనా?... ఎప్పటికి?... మళ్లీ అడగరు కదా?" పెదనాన్న గొంతు గంట కొట్టినట్టుంది. వెనక ఫ్యాన్ చప్పుడుంది, పెద్దమ్మ వంటింట్లో కుక్కర్ విజిల్ ఉంది. అవతలి మనిషి మాట ఒక్కటంటే ఒక్కటి లేదు.

"నాలుగు వేలు పోసి కొన్నానురా, మంచి కంపెనీదే" అన్నారు, మొహం చిన్నబుచ్చుకుని. నిజమే, రికార్డర్ మంచిదే. ఆయన చేసిన పొరపాటు మనలో చాలామంది చేసేదే. ఏ కంపెనీది, ఎన్ని జీబీలు, బ్యాటరీ ఎన్ని గంటలు అని చూసి కొంటాం. ముందు చూడాల్సింది అది కాదు. అవతలి గొంతు ఎక్కడ దొరుకుతుంది? అది తేలితే ఏది కొనాలో దాదాపు తేలిపోతుంది. అసలు ఏమీ కొనక్కర్లేదని కూడా తేలొచ్చు.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మన గొంతు గదంతా వినిపిస్తుంది. అవతలి గొంతు గదిలోకి రాదు. అది ఫోన్ లోపల ఉంటుంది, ల్యాండ్‌లైన్ అయితే తీగలో ఉంటుంది, చివరికి ఫోన్‌కీ మన చెవికీ మధ్య ఉన్న ఆ వెంట్రుకవాసి సందులో వినిపిస్తుంది. పెదనాన్న రికార్డర్ ఈ మూడింటిలో ఏ చోటా లేదు, బల్ల మీద ఉంది. స్పీకర్ ఆన్ చేసి ఉంటే ఆ గొంతు బయటికి వచ్చేది, కానీ ఇంట్లో అప్పు గొడవ అందరికీ వినపడడం ఆయనకి ఇష్టం లేదు. అదీ న్యాయమే.

ఫోన్ లోపలే పట్టుకోవడం

అన్నిటికంటే శుభ్రమైన రికార్డింగ్ ఇదే. రెండు గొంతులూ సమానంగా, ఫ్యాన్ చప్పుడు పెద్దగా లేకుండా వస్తాయి. ఒకప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లో ఏదో ఒక యాప్ వేసుకుంటే పని అయిపోయేది. 2018లో ఆండ్రాయిడ్ 9 వచ్చాక గూగుల్ ఆ దారి మూసింది. బయటి యాప్‌లకి కాల్ ఆడియో అందకుండా చేసింది. దాంతో యాప్‌లు దొడ్డిదారి పట్టాయి. కంటిచూపు లేనివాళ్ల వంటి వారికి సాయంగా పెట్టిన యాక్సెసిబిలిటీ సౌకర్యాన్ని వాడుకుని రికార్డు చేశాయి. 2022 మే 11 నుంచి ప్లే స్టోర్‌లో దాన్నీ నిషేధించారు. ట్రూకాలర్ కూడా అప్పుడు తన రికార్డింగ్ సౌకర్యాన్ని తీసేసింది.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఫలానా యాప్ వేసుకో, పనిచేస్తుంది" అంటే నమ్మకండి. యాప్ వేసుకుంటే వస్తుంది, రికార్డు బటన్ ఎర్రగా వెలుగుతుంది, ఫైలు కూడా తయారవుతుంది. తీరా వింటే మన గొంతు ఒక్కటే ఉంటుంది, లేకపోతే అదీ ఉండదు. పైగా ఆ యాప్‌కి మన కాంటాక్టులు, కాల్ వివరాలు, మైకు అన్నీ అప్పగించాం. లోన్ యాప్‌లు కాంటాక్టులు లాక్కుని బంధువులందరికీ ఫోన్లు చేసి జనాన్ని ఏడిపించిన సంగతి మన రెండు రాష్ట్రాల్లో తెలియని వాళ్లు లేరు. ఊరూ పేరూ లేని రికార్డింగ్ యాప్‌కి అదే తలుపు తెరవడం నాకు భయం.

ఫోన్‌తో పాటే వచ్చిన డయలర్‌కి, అంటే కాల్స్ చేసే యాప్‌కి, మాత్రం ఆ అడ్డు లేదు, ఎందుకంటే అది ఫోన్ వ్యవస్థలో భాగం. ఇక్కడే మోడల్‌కీ మోడల్‌కీ తేడా. మన దేశంలో అమ్మే శాంసంగ్ ఫోన్లు చాలావాటిలో సొంత డయలర్ ఉంటుంది, అది చప్పుడు చేయకుండా రికార్డు చేస్తుంది. గూగుల్ డయలర్‌తో వచ్చే ఫోన్లలో రికార్డు నొక్కగానే, కాల్ రికార్డు అవుతోందని ఒక ఆడ గొంతు ఇద్దరికీ వినపడేలా చెబుతుంది. ఐఫోన్‌లో 2024 అక్టోబరులో వచ్చిన ఐఓఎస్ 18.1 దాకా ఈ సౌకర్యమే లేదు. ఇప్పుడుంది, అదీ చెప్పే రికార్డు చేస్తుంది, ఫైలు నోట్స్‌లోకి వెళ్తుంది.

ఆ ప్రకటన వినగానే కొందరు ఫోన్ పెట్టేస్తారు. ఇంకొందరు ఒక్కసారిగా మర్యాదస్తులైపోతారు. రికవరీ ఏజెంట్ల విషయంలో ఈ రెండోది మనకి మంచిదే. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత అప్పు వసూలుకి ఫోన్లు చేయకూడదని, బెదిరించకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో స్పష్టంగా చెప్పింది. రికార్డు అవుతోందని తెలిస్తే ఆ నిబంధన వాళ్లకి గుర్తొస్తుంది.

కొత్త ఫోన్ కొనేటప్పుడు ఒక పని చేయండి. మీ సిమ్ షాపులోనే వేసి, ఇంట్లో వాళ్లకి ఫోన్ చేసి, ఒక నిమిషం రికార్డు చేసి అక్కడే వినండి. షాపు అబ్బాయి "అన్నింట్లో ఉంటుంది సార్" అంటాడు. అన్నింట్లో ఒకేలా ఉండదు.

ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. కీప్యాడ్ ఫోన్లు. లావా, ఐటెల్ వంటి కంపెనీల కొన్ని మోడళ్ల పెట్టె మీదే ఆటో కాల్ రికార్డింగ్ అని రాసి ఉంటుంది. వాటిలో ఆండ్రాయిడ్ లేదు కాబట్టి గూగుల్ నిబంధనల గొడవ వాటికి లేదు. 2,000 రూపాయల లోపే వస్తాయి. రెండు గొంతులూ మెమరీ కార్డులో పడతాయి. అప్పు లావాదేవీలు, పొలం కౌలు మాటలు, కాంట్రాక్టు పనులు వంటివాటికి ఒక సిమ్ విడిగా పెట్టుకునేవాళ్లకి ఇంతకన్నా చవకైన, నమ్మకమైన సాధనం నాకు తెలియదు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. కార్డు వేయకపోతే లోపలి మెమరీ కొద్ది కాల్స్‌కే నిండిపోతుంది. రెండోది తేదీ. ఈ ఫోన్లలో కొన్నిటికి బ్యాటరీ తీసి పెడితే గడియారం వెనక్కి పోతుంది. నిన్నటి కాల్ పదేళ్ల నాటి తేదీతో సేవ్ అవుతుంది. గొడవ వచ్చినప్పుడు అవతలివాళ్లు ముందు పట్టుకునేది దాన్నే.

చెవి దగ్గర పట్టుకోవడం

ఉన్న ఫోన్ మార్చడం ఇష్టం లేకపోతే, లేదా ఫోన్‌లో రికార్డింగ్ లేకపోతే, చెవిలో పెట్టుకునే చిన్న మైకు ఉంటుంది. చూడడానికి ఇయర్‌ఫోన్ లాగే ఉంటుంది, పని మాత్రం తలకిందులు. ఇయర్‌ఫోన్ చెవిలోకి శబ్దం పంపిస్తే, ఇది చెవి దగ్గరికి వచ్చే శబ్దాన్ని పట్టుకుంటుంది. దాన్ని చెవిలో పెట్టుకుని, దాని మీదే ఫోన్ ఆనించుకుని మామూలుగా మాట్లాడాలి. ఫోన్‌కీ చెవికీ మధ్య ఉన్న ఆ సందులోనే మైకు ఉంటుంది కాబట్టి అవతలి గొంతు దొరుకుతుంది. మన గొంతు ఎలాగూ పక్కనుంచే వస్తుంది. ఐఫోనా, పాత నోకియానా, ల్యాండ్‌లైనా, వాట్సాప్ కాలా అని అది అడగదు. చెవికి వినపడేది ఏదైనా దానికి వినపడుతుంది.

పెదనాన్న రికార్డర్‌కి పక్కన రబ్బరు మూత కింద ఒక రంధ్రం ఉంది. ఆయన దాన్ని ఎప్పుడూ తెరవలేదు. తెరిస్తే మైకు గుర్తు ఉంది. చెవి మైకు తెప్పించి అందులో గుచ్చాం. 4,000 రూపాయల వస్తువు అప్పుడు పనికొచ్చింది.

ఇందులో తప్పు జరిగేది పిన్ను దగ్గర. ఆ 3.5 ఎంఎం పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రికార్డర్ మైకులకి సాధారణంగా 1 లేదా 2 ఉంటాయి. సెల్‌ఫోన్ హెడ్‌సెట్ పిన్నుకి 3 ఉంటాయి. ఒకదానిది ఇంకొకదానిలో దూరుతుంది, బిగుతుగా కూర్చుంటుంది, కానీ శబ్దం రాదు. చౌక రికార్డర్లలో కొన్నిటికి అసలు మైకు రంధ్రమే ఉండదు, ఇయర్‌ఫోన్‌ది మాత్రమే ఉంటుంది. బ్లూటూత్ పెట్టుకుని మాట్లాడే అలవాటున్న వాళ్లకి ఈ పద్ధతి పనికిరాదు, ఆ శబ్దం ఫోన్ దగ్గర వినపడదు కదా.

ఏమీ కొనకుండా చేయాలంటే స్పీకర్ ఆన్ చేసి, పక్కన ఇంకో ఫోన్లో వాయిస్ రికార్డర్ నడపడమే. వాట్సాప్ కాల్స్‌కి చాలామంది ఇదే చేస్తారు. ఫోన్‌ని నేరుగా బల్ల మీద కాకుండా మడతపెట్టిన తువ్వాలు మీద పెడితే బల్ల అదురు రికార్డింగ్‌లో పడదు. అయితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒక గొంతు తెగిపోతుంది, ప్రతిధ్వని రాకుండా ఫోన్ తనంతట తనే అలా చేస్తుంది. గొడవలో అసలు మాట సరిగ్గా అక్కడే ఉంటుంది.

తీగలో పట్టుకోవడం

ల్యాండ్‌లైన్ తగ్గిపోయింది కానీ పోలేదు. క్లినిక్కులు, ఆడిటర్ ఆఫీసులు, ధాన్యం కమిషన్ కొట్లు ఇంకా వాడుతున్నాయి. ఇంట్లో ఫైబర్ పెట్టించుకున్నా ఆ పెట్టె వెనక టెలిఫోన్ రంధ్రం ఉంటుంది.

కొందరు పాత ఫోన్ తీగని కోసి, పిన్ను అతికించి, నేరుగా రికార్డర్‌లో గుచ్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రాగి లైన్ మీద ఫోన్ ఊరికే ఉన్నప్పుడే దాదాపు 48 వోల్టులుంటాయి, గంట మోగేటప్పుడు 70 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది. రికార్డర్ మైకు రంధ్రం తట్టుకునేది మిల్లీవోల్టులు. మొదటిసారి గంట మోగగానే రికార్డర్ పోవచ్చు. అందుకే మధ్యలో అడాప్టర్ ఉండాలి. దానిలో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మాటల్ని అటు దాటిస్తుంది, వోల్టేజీని ఇటే ఆపుతుంది.

ఈ అడాప్టర్లు రెండు రకాలు. ఒకటి గోడ నుంచి వచ్చే లైనుకి తగిలించేది. రెండోది రిసీవర్‌కీ ఫోన్ పెట్టెకీ మధ్య ఉండే మెలికల తీగకి తగిలించేది. షాపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ధర కూడా దగ్గరదగ్గరే. తేడా మాత్రం చాలా పెద్దది. లైనుకి తగిలించినది ఇంట్లో ఏ గదిలో ఎవరు రిసీవర్ ఎత్తినా పట్టేస్తుంది. రిసీవర్ తీగకి తగిలించినది ఆ ఒక్క ఫోన్‌లో మాట్లాడినదే పడుతుంది.

ఎవరి మాటలు పడుతున్నాయి?

ఈ తేడాని నేను వైర్ల సంగతిగా చూడలేను. లైనుకి తగిలించి ఆటోమేటిక్‌లో వదిలేసిన పెట్టె, పెదనాన్న కాల్‌తో పాటు కోడలు పుట్టింటి వాళ్లతో చెప్పుకున్న కష్టం కూడా పట్టుకుంటుంది. ఆవిడకి ఆ పెట్టె ఉందని కూడా తెలియదు.

మన న్యాయస్థానాలు గీసిన గీత కూడా ఇక్కడే ఉంది. 1964లో బొంబాయిలో ఒక డాక్టరుని కరోనర్, అంటే అనుమానాస్పద మరణాల మీద విచారణ చేసే అధికారి, లంచం అడిగాడని కేసు. అవినీతి నిరోధక శాఖ వాళ్లు, ఆ బేరం ఎవరి ద్వారా నడిచిందో ఆ ఇంకో డాక్టరు ఒప్పుకోలుతో ఆయన ఫోన్‌కే టేప్ రికార్డర్ తగిలించారు. ఇది దొంగతనంగా వినడమేనని కరోనర్ తరఫున వాదించారు. 1972లో, ఆ కరోనర్ పేరుతో మల్కానీ కేసుగా పేరుపడిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మాట్లాడుతున్న ఇద్దరిలో ఒకరికి తెలిసి, వారి సమ్మతితో రికార్డయితే అది సాక్ష్యమవుతుందని చెప్పింది. 1996లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో అదే కోర్టు, ఫోన్‌లో మాట్లాడుకోవడం మనిషి ఏకాంతంలో భాగమని, ప్రభుత్వమైనా ఇష్టం వచ్చినట్టు వినడానికి వీల్లేదని చెప్పింది.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి 2007-08 ప్రాంతంలో ఒక విడాకుల కేసు వచ్చింది. భార్య తన తల్లిదండ్రులతో, తనవాళ్లతో ఫోన్‌లో మాట్లాడుకున్నవి భర్త ఆమెకి తెలియకుండా రికార్డు చేసి తెచ్చాడు. ఆ మాటల్లో భర్త లేడు. అది చట్టవిరుద్ధమని, ఆ రికార్డింగ్ సాక్ష్యంగా చెల్లదని కోర్టు చెప్పింది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో విడాకుల కేసులో, భర్త తన భార్యతో తాను మాట్లాడినప్పుడు రహస్యంగా చేసిన రికార్డింగ్‌ని సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. రెండింటినీ కలిపి "పెళ్లాం ఫోన్ రికార్డు చేయొచ్చట" అని చెప్పుకుంటున్నవాళ్లని విన్నాను. అది తప్పు. మీరు మాట్లాడే మాట వేరు, మీరు లేనప్పుడు ఇంకొకరు మాట్లాడుకునే మాట వేరు.

అందుకే ఇంట్లో పెట్టుకునేవాళ్లకి లైను అడాప్టర్ వద్దని గట్టిగా చెబుతాను. చెవి మైకు, రిసీవర్ తీగ అడాప్టర్, ఫోన్‌లోని రికార్డు బటన్, వీటన్నిటికీ ఒక మంచి గుణముంది. మీరు మాట్లాడితేనే అవి పనిచేస్తాయి.

పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. టెక్సాస్‌లో ఒకరి సమ్మతి చాలు, కాలిఫోర్నియాలో మాట్లాడేవాళ్లందరి ఒప్పుకోలూ కావాలి. యూఏఈలో అవతలివారి అనుమతి లేకుండా రికార్డు చేస్తే నేరం. దుబాయ్‌లో పనిచేస్తున్న మనిషి ఏజెంటు మోసం చేశాడని అక్కడి నుంచి రికార్డు చేసి పంపితే, ఇరుక్కునేది ముందు ఆ మనిషే.

చెప్పి రికార్డు చేయడంలో నామోషీ ఏమీ లేదు. పెద్దమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. డాక్టరు ఫోన్‌లో మందులు మార్చినప్పుడు ఆవిడ ముందే అంటుంది, "డాక్టర్ గారూ, మర్చిపోతానని రికార్డు చేసుకుంటున్నానండీ" అని. ఇప్పటిదాకా ఏ డాక్టరూ కాదనలేదు. నిదానంగా, మందు పేరు రెండుసార్లు చెబుతారు.

రికార్డు చేశాక

రికార్డింగ్ జ్ఞాపకం కోసమైతే ఫైలు ఎలా ఉన్నా పర్వాలేదు. గొడవ కోసమైతే, కొనేటప్పుడే ఆలోచించాలి. 1985లో సుప్రీంకోర్టు ఒక ఎన్నికల కేసులో టేపులకి కొన్ని పరీక్షలు పెట్టింది. గొంతు ఎవరిదో గుర్తుపట్టగలగాలి, మాట స్పష్టంగా వినపడాలి, చెరిపిన, అతికించిన జాడ ఉండకూడదు, భద్రంగా దాచి ఉండాలి. టేపులు పోయినా ఈ ప్రశ్నలు పోలేదు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో రెండు భాగాలు. ఒకదాని మీద ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వారు, రెండోదాని మీద నిపుణుడు సంతకం చేయాలి. ఏ పరికరం, దాని గుర్తింపు నంబరు ఏమిటి, ఫైలు హ్యాష్ విలువ ఎంత అని రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరమంత మారినా అది మారిపోతుంది.

కాబట్టి రికార్డు చేసిన ఫోన్‌నీ, ఆ కార్డునీ దాచి ఉంచాలి. ఎక్స్‌చేంజ్ ఆఫర్‌లో ఇచ్చేయకూడదు. ఫైలు ముందూ వెనకా కత్తిరించి "కావల్సిన ముక్క" ఒక్కటే పెట్టుకోకూడదు. వాట్సాప్‌లో నలుగురికి పంపి, తర్వాత అందులోంచి దించుకున్నదాన్ని అసలుదనుకోకూడదు, పేరూ తేదీ మారిపోతాయి. నిండగానే పాతవి చెరిపేసి కొత్తవి రాసుకునే సెట్టింగ్ కొన్ని రికార్డర్లలో ఉంటుంది, దాన్ని ఆపేయాలి.

స్థలం గురించి బెంగ అక్కర్లేదు. కీప్యాడ్ ఫోన్లు వాడే ఏఎంఆర్ అనే రకం ఫైలు అత్యధిక నాణ్యతలో కూడా గంటకి 5.5 ఎంబీ చొప్పునే పడుతుంది. 4 జీబీ కార్డులో 700 గంటలు పడతాయి. ఫోన్ మాటకి తగినంత నాణ్యతలో, కుదించని వేవ్ ఫైలు పెట్టుకున్నా గంటకి 58 ఎంబీ. పాత లైన్ల మీద గొంతు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యే వెళ్తుంది, 4జీ కాల్స్‌లో దాదాపు 7,000 దాకా వెళ్తుంది. సంగీతం రికార్డు చేసే స్టూడియో నాణ్యత గల రికార్డర్‌కి డబ్బు ఎక్కువ పెట్టినా, లైన్‌లో లేని స్వరాన్ని అది సృష్టించలేదు.

పది మంది కూర్చుని ఫోన్లు ఎత్తే ఆఫీసుల లెక్క వేరు. అక్కడ ఒక్కొక్క ఫోన్‌కి పరికరం తగిలించడం దండగ. ఆఫీసులకి ఇచ్చే ఒక పీఆర్‌ఐ లైను మీద ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి, వాటిని ఆఫీసులోని ఎక్స్‌చేంజ్ పెట్టె దగ్గరే పట్టే వాయిస్ లాగర్ అనే రికార్డింగ్ యంత్రం పెట్టాలి. ఇంటర్నెట్ ఫోన్లయితే సర్వర్‌లోనే సెట్టింగ్ ఉంటుంది. ఫోన్ ఎత్తగానే రికార్డు అవుతుందని చెప్పే మాట, రికార్డింగులు ఎవరు వినొచ్చు, ఎన్నాళ్లకి చెరిపేయాలి అన్నవి కొనడానికి ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

పెదనాన్న చివరికి రెండూ పెట్టుకున్నారు. చెవి మైకు పెద్దమ్మ డాక్టరు కాల్స్‌కి, కీప్యాడ్ ఫోన్ అప్పు గొడవకి. ఆ ఫోన్‌లో మొదట తేదీ సరిచేశాం, 8 జీబీ కార్డు వేశాం. తర్వాత నేను పక్క గదిలోంచి ఫోన్ చేసి ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చదివాను. ఆయన కూడా చదివారు. ఇద్దరివీ నలభై అంకెలూ వినపడ్డాక, మర్నాడు ఉదయం పదింటికి ఆయనే ఆ కంపెనీకి ఫోన్ చేశారు. "మాటలు రికార్డు చేస్తున్నానండీ" అని మొదలుపెట్టి, అప్పు నంబరు, ఆఖరి వాయిదా కట్టిన తేదీ, రసీదు నంబరు తనే చదివి, "ఇది సరైనదేనా, మీ పేరేమిటి?" అని అడిగారు. అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత ఆ మనిషి పేరు చెప్పి, "సరైనదేనండీ, బాకీ సున్నా చూపిస్తోంది" అన్నాడు. ఆ మాట ఫైలులో 3 నిమిషాల 40 సెకన్ల దగ్గరుంది. పెదనాన్న ఆ అంకెని డైరీలో, రసీదు అంటించిన పేజీలోనే రాసి పెట్టుకున్నారు.